చువ్వ గుచ్చుకుందన్నాను

నా నోటి గురించి జాలరిపేటలో ఎవరినడిగినా చెబుతారు. "నూకాలు నోట్లో పడేకన్నా తుపానులో పడ్డం మేలు" అని మా ఆయన అప్పలరాజే ఒకసారి పదిమందిలో అన్నాడు. ఆ పూట ఆయనకి అన్నం పెట్టలేదు. మా పేటలో చేపలమ్ముకునే ఆడవాళ్ళం ఎనభై మందిమి ఉంటాం. మాకొక సంఘం ఉంది. దానికి నన్ను పెద్దగా పెట్టుకున్నది నా తెలివి చూసి కాదు, నోరు చూసే. పోలీసు కేకలేసినా, కారు దిగకుండా కిటికీలోంచి బేరమాడే అమ్మగార్లు ఎగతాళి చేసినా, అందరూ కలిసి నన్నే ముందుకి తోసేవారు. నాకూ అది గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఏటా ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మోటారు బోటేదీ సముద్రంలోకి దిగకూడదని సర్కారు రూలు. సర్కారు రూలుకి కన్నుగప్పడం మావాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. అందుకని ఈ ఏడు పేటలో మేమే ఇంకో రూలు పెట్టుకున్నాం. దొంగచాటుగా వేటకెళ్ళినవాళ్ళ బోటుని నిషేధం అయిపోయాక కూడా నెల్లాళ్ళు ఎవరూ తొయ్యకూడదు. బోటు ఇసకలోంచి నీళ్ళలోకి వెళ్ళాలంటే ఎనిమిది మంది భుజం పెట్టాలి. ఎవరూ చెయ్యెయ్యకపోతే ఆ బోటు కుక్కలు నీడకి పడుకోడానికి తప్ప పనికిరాదు. ఈ మాట మైకులో చెప్పింది నేనే. చెప్పి ఊరుకోలేదు, "మాట తప్పినోళ్ళ మొకం మీద ఉమ్మేత్తాను" అని కూడా అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మూడు వారాలు తిరక్కుండానే ముసలమ్మ బుట్టలో తాజా కవ్వ చేపలు కనిపించాయి. ముసలమ్మ నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది, వరసకి పిన్ని. "ఐసువే నూకాలూ" అంది. ఐసులో పెట్టిన చేపేదో, పొద్దున్న చచ్చిన చేపేదో నాకు చెప్పాలా? మొప్పలెత్తి చూశాను, మందారంలా ఎర్రగా ఉన్నాయి. బుట్ట లాక్కుని నడి బజార్లో ఇసకలో బోర్లించాను. ఆవిడ వంగి ఒక్కొక్క కవ్వా ఏరుకుంటుంటే, పక్కనే నడుం మీద చేతులేసుకుని నిలబడి "సిగ్గుండాలి పిన్నీ, ఒయిసొచ్చీగానే సరికాదు" అన్నాను. ఆవిడ కోడలు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ పిల్ల పెద్దాసుపత్రిలో ఆయా పని చేస్తుంది.

మే నెల రెండో వారంలో మా అమ్మాయి శ్రీసత్య పురుడు పోసుకుంది. తొలి కాన్పు, ఆడపిల్ల. అయిదు రోజులైనా తల్లికి పాలు పడలేదు. పిల్ల చీకి చీకి, అందక, మొహం కందిపోయేలా ఏడ్చేది. డాక్టరమ్మ పాల డబ్బా రాసిచ్చింది. డబ్బా చూడగానే నాకు ఒళ్ళు మండింది. మా ఇళ్ళల్లో బాలింతకి పాలసొర పెడతారు. పిల్ల సొరచేపని ఉడకబెట్టి, ముల్లు తీసి, చిదిపి, ఇన్ని వెల్లుల్లిపాయలేసి పిట్టు చేసి మూడు పూటలు పెడితే పాలు పడతాయి. నాకు మా అమ్మ అలాగే పెట్టింది, అమ్మకి వాళ్ళమ్మ పెట్టింది. అయితే నిషేధంలో పాలసొర ఎక్కడ దొరుకుతుంది? హార్బరులో ఐసు గదుల్లో నెలల తరబడి పడున్న సొర ముక్కలున్నాయి. అవి పిల్లికి కూడా పెట్టబుద్ధి కాదు.

నా తమ్ముడు కన్నబాబు పక్కింట్లోనే ఉంటాడు. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న, అక్కని కాబట్టి నన్ను అప్పా అంటాడు. అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచాను, తిట్టి పెంచాను, కొట్టి పెంచాను. పోయినేడు తాగి తాగి పచ్చకామెర్లు తెచ్చుకుని చావు దాకా వెళ్ళొచ్చాడు. అప్పుడు కూడా నేనే పసరు తాగించి, సీసా కనపడితే తల బద్దలు కొడతానని బెదిరించి మందు మాన్పించాను. వాడి పెళ్ళాం ఈశ్వరి మెత్తని మనిషి. నా ముందు కూచోమంటే కూచుంటుంది, లెమ్మంటే లేస్తుంది. మా రెండిళ్ళకీ కలిపి ఒకటే బోటు. వేటకి మా ఆయన, కన్నబాబు కలిసే వెళ్తారు. మరమ్మతయ్యాక ఇంకా ఇసక మీదికి లాగకపోవడంతో అది హార్బరు పక్కన నీళ్ళలోనే కట్టేసి ఉంది, తోసేవాళ్ళు అక్కర్లేదు.

ఆ సాయంత్రం ఇద్దర్నీ కూచోబెట్టి విషయం చెప్పాను.

కన్నబాబు తల గోక్కున్నాడు. "అప్పా, మైకులో సెప్పింది నువ్వే కదేటి. మనమే ఎలిపోతే ఎలాగ?"

"మీరేటి టన్నులు తెచ్చి హార్బర్లో అమ్మీసుకుంతారా? ఒకటో రెండో సొరలు. మేనమామవి, ఆ గుంట ఏడుపు ఇనబడతందా నీకు?"

"ఇనబడతంది గాని..."

"గాని ఏటి? నీకు నాను గుక్కెడు పాల కోసం ఎన్ని గుమ్మాలు తొక్కానో తెలుసా? ఇయ్యాల నా మనవరాలికి వొచ్చినప్పుడు రూల్సు సెప్తన్నావా?"

వాడు లేచి నిలబడ్డాడు. "ఒగ్గీ అప్పా, ఎల్తాం. తెల్లారగట్ల ఎల్లి పొద్దెక్కకుండా వొచ్చీత్తాం. బావా, ఏటంతావు?"

మా ఆయన లేచి వల తీసుకున్నాడు. ఆయన మామూలుగానే ఏమీ అనడు. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఎవరైనా ఆ పూట నా మొహం మీద అనుంటే బాగుండేది. అనే మనిషి మా రెండిళ్ళల్లో ఒక్కరూ లేరు.

పేట రేవులో దిగితే అందరూ చూస్తారని జోడుగుళ్ళపాలెం దాటాక రాళ్ళ దగ్గర దిగమన్నాను. ఊళ్ళో మురుగు మోసుకొచ్చే గెడ్డ ఒకటి అక్కడే సముద్రంలో కలుస్తుంది. అటు ఎవరూ రారు. నేను బుట్ట పట్టుకుని ఆరింటికే వెళ్ళి కూచున్నాను. బోటు వచ్చింది. రెండు పాలసొరలు, ఒక్కోటీ మూర పొడవున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. వాటితో పాటు వలలో జెల్లలు కూడా పడ్డాయట. జెల్ల వీపు మీద రంపం లాంటి ముల్లుంటుంది. అది గుచ్చుకోని జాలరి మా పేటలో లేడు. కన్నబాబు కుంటుకుంటూ దిగాడు. వల దులుపుతుంటే చూసుకోకుండా తొక్కాడట. ఎడమ పాదం పక్కన చిన్న కన్నం, బొట్టు బొట్టుగా రక్తం.

"ముల్లు వొచ్చీసిందేట్రా?"

"బావ లాగీసాడు. సలుపుతంది అప్పా. ఇంటికెల్లి ఏన్నీల్లలో పెట్టుకుంతాను."

"ఏన్నీల్లు ఎందుకు, ఎదరే ఇంత సముద్రముంటే? ఉప్పునీటికి మించిన మందేటుంది? ఇక్కడే నిలబడు కాసేపు."

వాడు నిలబడ్డాడు. మోకాలి లోతు నీళ్ళలో, ఆ గెడ్డ కలిసే చోట, నేను చాలన్నదాకా నిలబడ్డాడు. మే నెల కదా, పొద్దున్నే నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. "ఎచ్చగా ఉన్నాయే అప్పా, నువ్వు కాసినట్టే ఉన్నాయి" అని నవ్వాడు. నేను సొరల్ని బుట్ట అడుగున పెట్టి, పైన ఎండుచేపలు పరుచుకుంటున్నాను. వాడి కాలు కాదు, నా బుట్టే చూసుకుంటున్నాను నేను.

ఇంటికొచ్చి పుండు మీద పసుపు అద్ది గుడ్డ కట్టాను. మధ్యాహ్నానికి పిట్టు వండాను. వెల్లుల్లి వాసన వీధిలోకి పోకుండా తలుపులన్నీ వేసి వండాను. శ్రీసత్య కడుపునిండా తిన్నది. చీకటి పడేవేళకి కన్నబాబుకి జ్వరం వచ్చిందని ఈశ్వరి వచ్చి చెప్పింది. వెళ్ళి చూస్తే పాదం వాచి, చీలమండ దాకా ఎర్రబడి ఉంది. జెల్ల ముల్లుకి జ్వరం రాకపోతే ఆశ్చర్యం గాని వస్తే ఏముంది! "రెండు పూటల్లో పోద్ది. ఊరికే కంగారు పడిపోకు" అని ఈశ్వరినే కసిరాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఈశ్వరి మళ్ళీ వచ్చింది. గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

పరిగెత్తి వెళ్ళి వాడి కాలు చూశాను. పిక్క దాకా ఉబ్బి తోలు నిగనిగలాడుతోంది. పాదం మీద బొబ్బలు లేచాయి. లోపల నీళ్ళు కాదు, నేరేడుపండు రంగు రక్తం. వాడు మత్తులో ఉన్నట్టున్నాడు. "సలుపుతంది అప్పా, కాలు ఇరిసేత్తన్నట్టుంది" అన్నాడు. ఆటోలో వేసుకుని నలుగురం పెద్దాసుపత్రికి బయల్దేరాం. దారిలో నేను అందరికీ ఒకటే మాట చెప్పాను. నిషేధంలో చాలామంది మగవాళ్ళు గాజువాక వైపు ఇళ్ళు కట్టేచోట కూలికి వెళ్తారు. కన్నబాబు కూడా వెళ్ళాడు, అక్కడ ఇనుప చువ్వ గుచ్చుకుంది. అంతే. సముద్రం ఊసు ఎత్తకూడదు. "ఎవులు నోరు జారినా నాను సంపీత్తాను" అన్నాను. ఆటోలో ఎవరూ ఎదురు చెప్పలేదు.

వార్డులో చూసిన డాక్టరమ్మ పేరు హిమబిందు. ముప్పై ఏళ్ళుండవు. తెల్ల కోటు లేకపోతే కాలేజీ పిల్లేననుకుంటారు. ఎలమంచిలి దగ్గర రైతుల పిల్లట. బొబ్బలు చూడగానే ఆ పిల్ల మొహం మారిపోయింది.

"ఎప్పుడు తగిలిందమ్మా ఇది?"

"నిన్న పొద్దున్న. గాజువాకలో పనికెల్తే ఇనప సువ్వ గుచ్చుకుంది తల్లీ."

"ఇంతకుముందు జబ్బులేమైనా ఉన్నాయా? షుగరు? లివరు?"

"పోయినేడు పచ్చకామెర్లు వొచ్చాయి. పసరు తాగించాను, తగ్గిపోనాయి. మందు కూడా మానీసాడు."

ఆవిడ రాసుకోవడం ఆపి నా వైపు చూసింది. "మీది జాలరిపేట కదా. నిజం చెప్పండి, ఈ కాలికి సముద్రం నీళ్ళేమైనా తగిలాయా? చేప ముల్లు గాని, గుల్ల గాని కోసుకుందా?"

అలా గుచ్చి గుచ్చి అడిగింది ఆ తల్లి. ఇంకెలా అడుగుతారు ఎవరైనా? నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పక్క మంచం దగ్గర తడిగుడ్డ పెడుతున్న ఆయా తల ఎత్తింది. ముసలమ్మ కోడలు. గుడ్డ ఆగిపోయింది. చెవులు ఇటే ఉన్నాయి. నేనిప్పుడు అవునన్నానంటే చీకటి పడకముందే పేటంతా తెలుస్తుంది. నేను బోర్లించిన బుట్ట, నేను మైకులో అన్న మాటలు, అన్నీ తిరిగొచ్చి నా నెత్తినే పడతాయి.

"సముద్రమేటి తల్లీ, ఏట నిషేదం కదా" అన్నాను. "నెల్లాళ్ళయి సముద్రం మొకమే సూడనేదు మావోలు."

డాక్టరమ్మ మా ఆయన వైపు తిరిగింది. ఆయన తల వంచుకుని "సువ్వేనమ్మా" అన్నాడు. ఈశ్వరిని అడిగింది. ఈశ్వరి నా మొహంలోకి చూసి, తల ఊపింది. కన్నబాబుని అడిగే స్థితి లేదు. వాడు కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు.

సరే, చువ్వ అని రాశారు. ధనుర్వాతం ఇంజక్షన్ ఇచ్చారు, సెలైన్ పెట్టారు, ఏవేవో మందులెక్కించారు. పెద్ద డాక్టరుకి చెప్పి వచ్చి ఆవిడ తన బల్ల దగ్గర కూచుంది. పది దాటింది, పన్నెండైంది. నేను మంచం పక్కన కూచుని వాడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఉన్నాను. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. దేవుళ్ళకైతే చెప్పాను, "అమ్మా, సముద్రంలోకి పంపింది నానే, నన్ను కొట్టు" అని. నాలుగడుగుల అవతల కూచున్న డాక్టరుకి చెప్పలేకపోయాను. ఎంతమందిని సిగ్గులేదా అని అడిగానో నేను! నా సిగ్గు నా తమ్ముడి కాలు తింటుంటే చూస్తూ కూచున్నాను.

మూడింటికి నర్సు పెన్నుతో గీత గీసి వెళ్ళింది, ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుకి. అరగంటలో ఎరుపు ఆ గీత దాటేసింది. అది చూసి కూడా నేను లేవలేదు. మందు పని చేస్తుందిలే, ఇంకాసేపు చూద్దాంలే అనుకున్నాను. ఇంకాసేపు ఆగితే వాడే బతికేస్తాడు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇలా అనుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు అసహ్యంగా ఉంది.

నాలుగింటికి శ్రీసత్య ఫోన్ చేసింది. గొంతులో సంబరం.

"అమ్మా, పాలు పడ్డాయే! జాకెట్టు తడిసిపోతంది. గుంట కడుపు నిండా తాగి తొంగుంది. మావయ్యకి సెప్పమ్మా. మావయ్య తెచ్చిన సొర వొల్లేనని సెప్పు. ఒకపాలి ఫోనియ్యి, నానే సెప్తాను."

పచ్చి బాలింత కంగారు పడుతుందని, మావయ్యకి కాలు నొప్పి, చూపించడానికి వచ్చామని తప్ప దానికి ఏమీ చెప్పలేదు. ఫోను కన్నబాబు చెవి దగ్గర పెట్టాను. అటు నుంచి అది "మావయ్యా, మావయ్యా" అంటోంది. వాడు కళ్ళు తెరవలేదు. నాకు తెలిసిన దేవుళ్ళందరూ చెయ్యలేని పని ఆ పిలుపు చేసింది. లేచి పరిగెత్తాను. డాక్టర్ హిమబిందు బల్ల దగ్గర నిలబడి ఏదో రాస్తోంది. ముసలమ్మ కోడలు అక్కడే బకెట్టు పట్టుకుని ఉంది. ఉండనీ అనుకున్నాను.

"తల్లీ, సువ్వ కాదు. అబద్దమాడాను. నిన్న సముద్రంలోకి ఏటకెల్లాడు, నానే పంపాను. జెల్ల ముల్లు గుచ్చుకుంది. నానే ఆడిని గెడ్డ కలిసేకాడ సముద్రం నీల్లలో నిలబెట్టాను."

ఆ పిల్ల నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. అంతే, పెన్ను అక్కడే పడేసి ఫోను చేసుకుంటూ వాడి మంచం దగ్గరికి పరిగెత్తింది. పది నిమిషాల్లో పెద్ద డాక్టరు వచ్చాడు. మందులు మార్చారు. అయిదింటికల్లా లోపలికి తీసుకుపోయారు.

కుళ్ళిన కండ కోసేసి చూశారట. లాభం లేకపోయింది. ప్రాణం దక్కాలంటే కాలు తియ్యాలన్నారు. ఈశ్వరి వేలిముద్ర వేసింది. మోకాలి పైదాకా తీసేశారు. మూడు రోజులు వాడు ఉంటాడో పోతాడో తెలియలేదు. నాలుగో రోజు కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడు.

తర్వాత డాక్టరమ్మ నన్ను కూచోబెట్టి చెప్పింది. వేసవిలో సముద్రం నీళ్ళు వేడెక్కినప్పుడు అందులో ఒక క్రిమి పెరుగుతుందట, గెడ్డ నీళ్ళు కలిసే చోట మరీ ఎక్కువట. మామూలు మనుషుల్ని చాలాసార్లు ఏమీ చెయ్యదు. లివరు చెడినవాళ్ళకి చిన్న గాయంలోంచి లోపలికి వెళ్ళిందంటే గంటల్లో కండనంతా తినేస్తుందట. దాని మందులు వేరు, కోత కూడా ఆలస్యం చెయ్యకూడదట.

"పొద్దునే సెప్పుంటే కాలు దక్కేదా తల్లీ?"

"కచ్చితంగా చెప్పలేనమ్మా. దక్కేదేమో. ఇంత పైదాకా తియ్యాల్సి వచ్చేది కాదేమో. నాకూ అనుమానం వచ్చింది. మీరు ముగ్గురూ ఒకటే మాట చెప్పేసరికి నమ్మేశాను."

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళున్నాయి. నా తప్పు ఆవిడ కూడా మొయ్యాల్సి వచ్చింది. చదువుకున్న పిల్ల, వెయ్యి మందికి వైద్యం చెయ్యాల్సిన పిల్ల, నా మూలాన ఇలా బాధపడుతోంది.

పేటలో ఎవరూ పిలవకముందే నేనే వెళ్ళి సంఘం ముందు నిలబడ్డాను. మైకు అడగలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను, పాలసొర దగ్గర్నించి చువ్వ దాకా. ముసలమ్మ ముందు వరసలోనే కూచుంది. "పిన్నీ, నా బుట్ట నువ్వు బోర్లించు" అన్నాను. ముసలమ్మ కదల్లేదు. "నీ బుట్టలో ఇంకేటుందే బోర్లించడానికి" అంది మెల్లగా. పేట పెద్ద సన్యాసిరాజు రూలు రూలేనన్నాడు. నెల్లాళ్ళు మా బోటు ఎవరూ తొయ్యరు. నేను సరేనన్నాను. సంఘం పెద్దరికం కూడా వద్దని వచ్చేశాను. దానివల్ల నా గుండె బరువు రవ్వంత కూడా తగ్గలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అది.

ఇంకా ఈశ్వరి ఉంది. ఆపరేషన్ రోజు నుంచి ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. నేను అన్నం పట్టుకెళ్తే తీసుకుంటుంది. నాకు చాప పరుస్తుంది. "వొదినా, నువ్వు కాసేపు తొంగో" అంటుంది. డాక్టరమ్మకి నేను నిజం చెప్పిన వేళకి ఈశ్వరి మందుల షాపుకి వెళ్ళింది. సంఘం ముందు చెప్పిన రోజు ఆసుపత్రిలోనే ఉంది. వాడు వేటకెళ్ళిన సంగతి దానికి ఎలాగూ తెలుసు. నేను వాణ్ణి ఆ నీళ్ళలో నిలబెట్టిన సంగతి మాత్రం తెలీదు. డాక్టరమ్మ నన్ను అంతలా గుచ్చి గుచ్చి ఎందుకడిగిందో, నా అబద్ధం ఖరీదేమిటో కూడా తెలిసినట్టు లేదు. అది నన్ను తిడితే బాగుండును, జుట్టు పట్టుకుని కొడితే ఇంకా బాగుండును. ఆ మంచితనం నేను భరించలేకపోయాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం వార్డులో జనం పల్చగా ఉన్నారు. కన్నబాబు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా ఉంది. నేను ఈశ్వరి చేతులు రెండూ పట్టుకున్నాను.

"ఈశ్వరీ, నీకు ఒకటి సెప్పాలి. ఆడి కాలు తీసింది నాను. ఆ రోజు ఆడు ఇంటికెల్లి ఏన్నీల్లలో పెట్టుకుంతానంటే నానే సముద్రంలో నిలబెట్టాను. డాక్టరమ్మ సముద్రమా అని అడిగితే లేదన్నాను. అప్పుడే సెప్పుంటే కాలు దక్కునేమో. నన్ను ఏటన్నా అను. పడతాను."

ఈశ్వరి చేతులు వెనక్కి తీసుకోలేదు.

"నాకు తెలుసొదినా" అంది.

"ఏటి తెలుసు?"

"అన్నీ తెలుసు. ఆ రోజు పొద్దునే సెప్పాడు నాకు, గెడ్డకాడ నిలబడ్డానని. డాక్టరమ్మ నన్నూ అడిగింది కదొదినా. సువ్వేనా, సముద్రమా అని. నోటిదాకా వొచ్చీసింది. నీ మొకం సూసాను." వాడి దుప్పటి అంచు సర్దింది. "ఆడి కాలు నాను సూత్తన్నాను, నల్లబడిపోతంది. అయినా సెప్పనేదు. ఆ తరవాత నువ్వు నీల్లకని బయటికెల్లావు ఒకపాలి. డాక్టరమ్మ మల్లీ వొచ్చింది. నా బుజం మీద సెయ్యేసి, బయపడకు, నిజం సెప్పమంది. అప్పుడూ సెప్పనేదు."

"నాను లేను కదే అప్పుడు! ఎందుకు సెప్పనేదే?"

"తరవాత నువ్వు తిడతావని."

నాకు వినపడిందో లేదో అన్నట్టు ఇంకోసారి కూడా అంది. ఏ ద్వేషమూ లేదు ఆ గొంతులో. ఎండగా ఉంది, ఆకలేస్తోంది అన్నంత మామూలుగా అంది. మొగుడి కాలు ఒకవైపు, నా నోరు ఒకవైపు పెట్టి తూచుకుంది ఆ పిల్ల. నా నోరే బరువు తూగింది. అదీ నేను గదిలో లేనప్పుడు. ఇన్నాళ్ళూ నేను ఒక అబద్ధమాడాననుకుంటున్నాను. ఆ అబద్ధాన్ని దాటి ఒక్క మనిషి కూడా మాట్లాడలేకుండా ఇరవై ఏళ్ళు మా ఇంటిని నేనే తయారు చేసుకున్నాను. మా ఆయన "సువ్వేనమ్మా" అన్నది కూడా అందుకే. ఈ తప్పు ఏ సంఘం ముందు ఒప్పుకోవాలి? దీనికి ఎన్నాళ్ళు బోటు తొయ్యడం మానాలి?

నా కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఈశ్వరి కూడా వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. "నాను సెప్పీవలసింది వొదినా, నాదే తప్పు, ఆడికి కాలు లేకుండా సేసీసాను" అంటోంది. నా పాపమంతా అది ఎత్తుకుని తన నెత్తిన పెట్టుకుంటోంది. కాదే, కాదే అంటూ దాని చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఆ ఏడుపుకి కన్నబాబుకి మెలకువ వచ్చింది. ముందు నా మొహం చూశాడు, తర్వాత పెళ్ళాం మొహం చూశాడు. మోచెయ్యి ఆనించి లేవబోయాడు, కాలు లేని సంగతి మర్చిపోయి ఓ పక్కకి ఒరిగిపోయాడు. పట్టుకోబోయాను. వాడు నా చెయ్యి అందుకోకుండానే ఈశ్వరి వైపు తిరిగి కంగారుగా, గొంతు తగ్గించి అన్నాడు.

"ఒలే, ఊరుకోయే. అప్పకి కోపమొత్తాది."

వాడు నవ్వులాటకి అనలేదు.